చింతపండుతో తోమిన తూటాలు

చదువు కోసం విదేశం వచ్చి వెస్ట్‌మీడ్‌లో తాను అద్దెకుంటున్న ఇంటి ఓనరు తూటాలు పోగేస్తాడని తెలిసిన రోజు, నర్సింగ్ విద్యార్థిని షారన్ గదికి గడియ పెట్టుకుని పడుకుంది. తీరా చూస్తే ఆ ఓనరు స్టీవ్ అంత మెత్తటి మనిషి ఆ వీధిలోనే లేడు. అవన్నీ మందు తీసేసిన పాత తూటాలు, పేలమన్నా పేలవు. కొందరు తపాలా బిళ్ళలు దాచుకున్నట్టు ఆయన వీటిని దాచుకున్నాడు, అంతే.

సాయంత్రం టీ తాగుతూ ఒక్కో తూటా ఆమె చేతికిచ్చి దాని కథ చెప్పేవాడు. "అడుగున ఈ సన్నటి రంగు గీత ఉంది చూశావా? ఇదే దీని పేరు. ఇది చెరిగిపోతే, ఇదేం తూటానో ఇంకెవరూ చెప్పలేరు" అనేవాడు తన ఇంగ్లీషులో. షారన్ ఊ కొట్టేది. ఊ కొట్టడంలో మనల్ని మించినవాళ్ళు లేరు కదా! చెవి ఆయన వైపు, కళ్ళు ఫోన్ వైపు.

ఆ మధ్య స్టీవ్‌కు చూపు బాగా తగ్గింది. మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. అయినా శనివారం జరిగే పాత తూటాల ప్రదర్శనలో పెట్టాలని మంచి తూటాలు ఏరి ఒక ట్రేలో సర్దుకున్నాడు. చీరాల నుంచి వీడియో కాల్‌లో ఆ ట్రే షారన్ తల్లి సువార్తమ్మ కంటపడింది. వాళ్ళ మందిరంలో కానుకల పళ్ళెం తోమే పని ఏళ్ళుగా ఆమెదే.

"అదేందే షారూ, ఇత్తడి అంత నల్లంగా ఉంది? పెద్దాయనకంటే కళ్ళు కనపడవు, నీకేమైంది? రవ్వంత చింతపండేసి రుద్దు, మన మందిరంలో పళ్ళెంలాగా తళతళలాడిద్ది."

నిజమే కదా అనిపించింది షారన్‌కి. ఇన్నాళ్ళూ కన్నకూతురిలా చూసుకున్న మనిషికి తానేం చేసింది? స్టీవ్ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట, హారిస్ పార్క్‌లోని మన సరుకుల కొట్లో కొన్న చింతపండు నానబెట్టి, ఉప్పు చల్లి, పీచుతో ఒక్కొక్కటీ రుద్ది కడిగింది. అన్నీ బంగారంలా మెరిశాయి. అమ్మకు ఫోటో కూడా పంపింది.

స్టీవ్ వచ్చి, తెల్లకార్డులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "షారన్, గీతల రంగులు చూసి చెప్పు. పెద్దక్షరాలతో రాసి పక్కన పెడదాం."

మొదటి తూటా తిప్పి చూసింది. గీత లేదు. రెండోదానికీ లేదు. అన్నాళ్ళూ ఊ కొట్టిన మాట అప్పుడు చెవికెక్కింది. నిజం చెబుదామనే నోరు తెరిచింది.

"ఊదా" అంది.

"ఆహా. తర్వాతది?"

"ఎరుపు, అంకుల్."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మెడ దగ్గరున్న సొట్టను బొటనవేలితో తడిమాడు. "ఎరుపా? ఇది నేను మొట్టమొదట కొన్నది. ఆకుపచ్చ గీత చూసే కొన్నాను. సరిగ్గా చూడు."

ఇప్పుడు మాట మారిస్తే గుట్టంతా బయటపడుతుంది. "ఎరుపే అంకుల్" అంది షారన్.

స్టీవ్ ఆ సొట్టను మళ్ళీ మళ్ళీ తడిమాడు. "కళ్ళతో పాటు బుర్ర కూడా పోతున్నట్టుంది. మా అమ్మకు ఇలాగే మొదలైంది" అన్నాడు చివరికి.

చూడనిది రాయకూడదని క్లాసులో నేర్చుకున్న పిల్ల, ఆ కార్డు మీద 'ఎరుపు' అని గుండ్రంగా రాసింది.

ఆ తర్వాత ఆయన ప్రతిదానికీ తడుముకోవడం మొదలుపెట్టాడు. పొద్దున మందులు వేసుకున్నానా? తలుపు తాళం నేనే వేశానా? అడిగిన ప్రతిసారీ షారన్‌కు సిగ్గేసేది. చెబుదామనుకోవడం, గొంతు దాకా తెచ్చుకోవడం, మింగేయడం. ఇదే వరస.

శనివారం హాల్లో అందరికీ ఆమెను చూపించి, "ఈ అమ్మాయే నా కళ్ళు" అన్నాడు స్టీవ్. షారన్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతలో ఒకావిడ సొట్ట తూటాను భూతద్దం కింద పెట్టి, మొహం చిట్లించింది. "స్టీవ్, కార్డు మీద ఎరుపని ఉంది. దీనికి రంగే లేదే? ఎవరో తోమేశారు."

స్టీవ్ షారన్ నిలబడ్డ వైపు తిరిగాడు.

"నేనే అంకుల్. మెరవాలని చింతపండు పెట్టి తోమాను. రంగులన్నీ నేను కల్పించి చెప్పినవే." ఆమె మొహం భగ్గుమంది. ఆయన తిట్టినా బాగుండునని చూసింది.

ఆయన మొహం మాత్రం వెలిగింది. "అయితే ఎరుపు కాదన్నమాట! ఆకుపచ్చే కదా? నాకు బాగానే గుర్తుంది కదా?"

అవుననడం ఎంత తేలిక! ఇంకొక్క రంగు కల్పిస్తే సరి. షారన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలీదు అంకుల్. తోమేటప్పుడు నేను చూడలేదు."

భూతద్దం ఆవిడ మరోసారి తిప్పి చూసి, తల అడ్డంగా ఊపి, తూటాను ఆయన చేతిలో పెట్టింది. స్టీవ్ సొట్ట మీద వేలు పెట్టి, "ఆకుపచ్చే అనుకుంటా" అన్నాడు చిన్నగా. ఎదురుగా బల్ల మీద షారన్ చేతిరాతతో 'ఎరుపు' అని రాసిన కార్డు ఇంకా నిలబడే ఉంది.