రివర్స్ పడని పడవ

పురానాపూల్ దాటి సందులోకి తిరిగితే నాలుగో షట్టర్ శ్రీపాదది. తరతరాలుగా గుడిలో హారతి పట్టిన ఇంట్లో పుట్టి చేతులకు గ్రీజు పూసుకున్నాడని అందరూ ఆయన్ని పంతులు మిస్త్రీ అంటారు. ఆ పేరంటే ఆయనకూ లోలోపల ఇష్టమే. ఆటోదైనా లారీదైనా, ముప్పయ్యేళ్లలో ఆయన బాగుచేసిన గేర్‌బాక్స్ ఒక్కటీ మళ్లీ రిపేరుకు రాలేదు. అన్నీ అయ్యాక గేర్ రాడ్డు మొదట్లో కుంకుమ అద్దిన ఎర్రగుడ్డను మూడు చుట్లు చుట్టి, తన చేత్తోనే ముడి వేస్తాడు. ఆ ముడి చూసుకున్నాకే బండెక్కే డ్రైవర్లున్నారు.

అలాంటి మనిషికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం రాజన్న పడవ.

రాజన్న ఊరవతల పెద్ద చెరువులో జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవేస్తాడు. మోటారు పడవకు బ్రేకులుండవు, రివర్స్ గేరే బ్రేకు. ఆ గేరు పడక పడవ పోయిన నెల రేవు మెట్లను గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ రాజన్న గుండె జారిపోయింది. గేర్‌బాక్స్ ఊడదీసి శ్రీపాద దగ్గరికి తెచ్చాడు. అరిగిపోయిన క్లచ్ ప్లేట్లు మార్చి, కొత్త ఆయిల్ పోసి, బల్ల మీద పెట్టి చూస్తే రివర్స్ టక్కున పడింది. వారం తిరక్కుండా గేర్‌బాక్స్ వెనక్కొచ్చింది. గుడ్డ విప్పి కళ్లకద్దుకుని, మళ్లీ అంతా విప్పి చూశాడు. ఏ తప్పూ లేదు. బల్ల మీద బుద్ధిమంతురాలు, పడవెక్కితే మొండిఘటం. బిగించి, ముడి వేసి పంపాడు. రివర్స్ పడట్లేదని రాజన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"నా చేతులు ముసలివైనయ్ నళినీ. ఈసారి కూడ దొరకకపోతే షట్టర్ దించేస్త," అన్నాడు భార్యతో.

నళిని గేర్ రాడ్లకు కట్టే గుడ్డల కోసం పాత ఎర్రచీరను పీలికలుగా చింపుతోంది. "దించే ముచ్చట తర్వాత. ముందు రెండు ముద్దలు తినుండ్రి," అంది.

మర్నాడు పొద్దున సందంతా హారన్ల మోత. రాజన్న ఈసారి గేర్‌బాక్స్ ఊడదియ్యలేదు. ట్రాక్టర్ ట్రాలీ మీద పడవనే తెచ్చేశాడు. వెనక ఆటోలు ఆగిపోయాయి. లాడ్ బజార్‌కు గాజుల పెట్టెలు తీసుకెళ్తున్న స్కూటరాయన మెడ చాచి చూసి, "క్యా భాయ్, గల్లీల ఓడరేవు తెరిచిన్రా ఏంది?" అన్నాడు.

"నీ తాన మంచిగుంటది, నా తాన లొల్లి పెడ్తది. అందుకే నిన్నూ పడవనూ ఒక్కతాన పెడ్తున్ననన్నా," అన్నాడు రాజన్న.

శ్రీపాద పంచె ఎగ్గట్టి పడవెక్కాడు. ఇంజను వేడెక్కకుండా బకెట్లో పైపు ముంచి స్టార్ట్ చేయించాడు. ముందుకు నడిపే గేరు వేస్తే పడవ అడుగునున్న పంకా గిర్రున తిరిగింది. రివర్స్‌కు లాగితే కదల్లేదు. ఇంజను ఆపించి, డ్రైవరు లాగే గేరు పిడి నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చే తీగను ఊడదీశాడు. తీగ సాఫీగానే జారుతోంది. ఇక మిగిలింది గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న రాడ్డు.

దాన్ని వేళ్లతో ముందుకు నొక్కాడు. టక్కున ఆగింది. వెనక్కి నొక్కాడు. ఆగింది కానీ శబ్దం లేదు. కళ్లు మూసుకుని మళ్లీ నొక్కాడు. ఇనుము ఇనుముకు తగిలితే చేతికి తెలుస్తుంది. ఇది దిండుకు తగిలినట్టు మెత్తగా ఆగుతోంది. వంగి టార్చి వేశాడు.

ఎర్రగుడ్డ. మూడు చుట్లు, ముడి.

లారీ రాడ్డు చుట్టూ బోలెడంత జాగా. పడవ రాడ్డు వేలెడంత, దాని వెనకే తీగను పట్టుకునే ఇనప చట్టం. ముడి ఆ రెంటి మధ్యా ఇరుక్కుని రాడ్డును చివరిదాకా పోనివ్వడం లేదు. ఆయన పరీక్షించేది గుడ్డ విప్పాక, కట్టేది పరీక్ష ముగిశాక. ఇంక తప్పెలా దొరుకుతుంది?

గుడ్డను గుట్టుగా పిడికిట్లోకి లాగేసి, చిన్న అడ్జస్ట్‌మెంటని చెబితే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆ బుద్ధి పుట్టింది. సందంతా తనవైపే చూస్తోంది.

"రాజన్నా, తప్పు నీ పడవల లేదు. నేను కట్టిన ముడిల ఉన్నది," అన్నాడు గట్టిగానే.

ముడి విప్పి, తీగ తగిలించి, మళ్లీ స్టార్ట్ చేయించాడు. రివర్స్ టక్కున పడి పంకా ఎదురు తిరిగింది. రాజన్న నోరు తెరిచాడు. సందంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది శ్రీపాదే. పరువు పోతే పోయింది, వేళ్లు మాత్రం మోసం చేయలేదు. ఆ సంతోషం ఆయనకు పట్టరానిదైంది.

"అంత మంచిగనే ఉన్నది గానీ, గుడ్డ లేకుంట నేను నీళ్ల మీదికి పోనన్నా," అన్నాడు రాజన్న.

"ఫికర్ చెయ్యకు," అంటూ శ్రీపాద విప్పిన గుడ్డను పడవ ముక్కుకున్న తాడు కొక్కానికి కట్టి, రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

"షట్టర్ దించుతున్నరా?" అంది నళిని.

"లే. పీలికలు చింపినవా?"

"పది చింపిన."

"పక్కకు పెట్టు, పనికొస్తయ్. ముందుగాల అన్నం వండు, మస్తు ఆకలైతుంది."