నాలుగో ముడి

కోటగిరి వైపు మంజీర ఒడ్డున ఉన్న తడి బయలులో ఏ కాలానికి ఏ గడ్డి వస్తుందో, ఏది పోతుందో ఏడాదిగా రాసుకుంటున్నాను. బోధన్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. తొలివానలకు తుంగ లేస్తుంది. దసరా నాటికి దాన్ని పక్కకు నెట్టి రెల్లు తెల్లగా పూస్తుంది. ఎండలకు రెండూ నేలమట్టమై, నెర్రెల మధ్య గరిక ఒక్కటే పాకుతుంది. ఇంత బుద్ధిగా వంతులు పాటించేది గడ్డే, మనుషులం కాదు.

నాకు తోడు వచ్చేది సత్తవ్వ. తుంగ కోసి చాపలు అల్లుతుంది. మూడేళ్ల కింద వరద వచ్చిన రోజు ఆమె కూతురు సుష్మ తుంగ కోయడానికి ఇక్కడికే వచ్చి మళ్లీ కనిపించలేదు. శవమూ దొరకలేదు. తుంగతో బొమ్మ చేసి దహనం చేద్దామని కొడుకు శేఖర్ ఇన్నాళ్లూ బతిమాలితే ఈసారి సరేనంది. తీరా రేపు అనగా మాట మార్చింది.

"నా బిడ్డ బతికే ఉన్నది. దాని ముడి సూసిన. పుర్రచేతి ముడి."

ఏం ముడి అని అడిగితే చెప్పింది. తుంగ లేవగానే కోసేవాళ్లు ఎవరి వంతు దగ్గర వాళ్లు గుప్పెడు పోచలు ముడివేస్తారట. ఆ చోట ఇంకొకరి కొడవలి పడకూడదు. సుష్మది ఎడమచేతి వాటం కాబట్టి ఆమె ముడి ఎడమకు తిరిగి ఉంటుంది.

నాదీ ఎడమచేతి వాటమే. లెక్క రాసే చోట్లు గుర్తుండాలని మొన్న ముడులు వేసింది నేనే. ఏడాదిగా ఈమె వెంట తిరుగుతూ ఇంత చిన్న సంగతి కనుక్కోలేదు, చదువుకున్న మొద్దును.

"అవ్వా, గవి నేను కట్టిన. గుర్తుకని కట్టిన. తప్పయింది."

సత్తవ్వ కోప్పడలేదు. "ఎన్ని కట్టినవ్?"

"మూడు."

"నేను నాలుగు సూసిన."

రెల్లు దుబ్బుల వెనక్కి తీసుకుపోయింది. నేనెప్పుడూ అడుగుపెట్టని చోటు. మిగతా బయలంతా తుంగ ఇంకా మోకాలెత్తు దాటలేదు. ఇక్కడ మనిషి పడుకున్నంత మేర మాత్రం నడుమెత్తున ఉంది. నడిమధ్య ముడి, ఎడమకు తిరిగి. బురదలో మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకేవీ లేవు. నాకు భయమేసింది, దాచుకోను.

సత్తవ్వ చాలాసేపు చూసింది.

"బతికున్నదైతే ముడేసి ఊకోదు బిడ్డా. కోసుకొని, మోపు నెత్తిన పెట్టుకొని ఇంటికొస్తది."

కూర్చుని ముడి మీద చెయ్యి వేసింది. "సుష్మా, నీ వంతు నేను కోసుకుంటున్న" అంది. జవాబు కోసం అన్నట్టు కాసేపు ఆగి, తుంగ మొదట్లో కొడవలి పెట్టి కోసింది.

మర్నాడు పొద్దున ఆ తుంగతోనే బొమ్మ కట్టారు. శేఖర్ ముడి విప్పబోతే సత్తవ్వ విప్పనివ్వలేదు. దాన్ని బొమ్మకు ఎడమచేయిగా పెట్టింది.