పిలిస్తేనే పడవ

మాణిక్యాలరావు పడవ అడుగున ఊరిన నీళ్లను పాత రంగు డబ్బాతో తోడి ఏట్లో పోస్తున్నాడు. వంగినప్పుడల్లా నడుము పట్టేస్తోంది. భుజాల మీద చర్మం ఎండకి కమిలి, ముడతలు పడి ఉంది. ఏళ్ల తరబడి వెదురు గెడ పట్టిన వేళ్లు, గెడ వదిలేసినా సగం ముడుచుకునే ఉంటాయి.

అతనుండేది కొత్తపేట వైపు గట్టు. ఏటి పాయకి అవతల, నీళ్ల నడుమ లంక ఊరు. లంకవాళ్లు రేవులోకి దిగి "పడవో" అని కేకేస్తే వెళ్లి ఎక్కించుకొస్తాడు. కేక వెయ్యడం మగవాళ్ల పని. ఆడవాళ్లు ఎంత తొందరున్నా మగమనిషి వచ్చి పిలిచేదాకా నిలబడాల్సిందే. రేవులో ఆడగొంతు లేవకూడదని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అతని భార్య కాంతం ఒకసారి వానలో గోనెసంచి కప్పుకుని పొద్దువాలేదాకా అవతలే నిలబడిపోయింది. అతను ఇటు తిరిగి వల బాగుచేసుకుంటున్నాడు.

"మీ వీపు కనబడతానే ఉందండి," అంది తరవాత, నవ్వుతూ. ఆమె పోయింది. ఆ మాట మాత్రం పోలేదు.

ఇవాళ అవతల గట్టున దుర్గాశ్రీ నిలబడి ఉంది. లంకలోంచి హైస్కూలుకి వచ్చే పిల్ల. ఆ స్కూల్లో మొదటిసారి ఆడపిల్లని లీడరుని చేశారు. ప్రార్థన వేళ పిల్లలందరికీ 'సావధాన్' చెప్పాలి. ఆ పిల్ల గొంతు రెండో వరసకి అందడం లేదు. మగపిల్లలు 'దోమ లీడరు' అని పేరు పెట్టారు. ఇవాళ కూడా వినబడకపోతే తరగతిలో రాజేంద్ర అనే కుర్రాణ్ణి పెడతానన్నారు మాస్టారు. నిన్న సాయంత్రం పడవలో ఇదంతా చెప్పి ఏడ్చింది.

"రేపు నువ్వు పిలువమ్మా," అన్నాడు అతను. "నువ్వు పిలిస్తేనే పడవొస్తాది. ఇంకెవరు పిలిచినా రాదు."

ఆ పిల్ల నోరు తెరవడం కనబడింది. కేక సగం పాయ కూడా దాటలేదు. పక్కన జాంకాయల బుట్టతో పుష్పలత ఉంది. పాల క్యాన్ల సైకిలుతో చిట్టిబాబు వచ్చి పెద్ద పెద్ద కేకలేశాడు. మాణిక్యాలరావు కదలకుండా బీడీ ముట్టించాడు. పొద్దు ఎంతెక్కిందో చూశాడు. బడివేళ దాటిపోయి ఆ పిల్ల లీడరు పని పోతే, దానికి తనే కారణమవుతాడు.

"పడవో..."

దుర్గాశ్రీ గొంతు మధ్యలో చీలింది. అయినా ఇవతలకి వచ్చింది. ఒడ్డునున్న కొంగ లేచిపోయింది. అతను బీడీ పడేసి గెడ అందుకున్నాడు.

"చెవుడొచ్చిందనుకున్నానండి మావయ్యగారూ," అన్నాడు చిట్టిబాబు పడవెక్కుతూ. "పాలు విరిగితే మీరే తాగాలి."

"పెళ్లి కావాల్సిన పిల్లండీ," అంది పుష్పలత. "ఊరంతా వినేలా అరిపించేరు."

"ఊరంతా వినాలనే కదమ్మా."

"గొంతు పగిలిపోయిందండి తాతగారూ," అంది దుర్గాశ్రీ, కొత్తపేట గట్టున దిగుతూ.

"పగలనీ. సాయంత్రానికి అతుక్కుంటాది. బళ్లో ఏమయిందో ఈ గట్టు మీంచే కేకేసి చెప్పు. నేను అవతలుంటాను."

"ఆయ్," అని ఆ పిల్ల పరిగెత్తింది.

తరవాత రోజూలాగే గడిచింది. అరటిగెలలు, ఎరువు బస్తాలు, ఒక మోటారుసైకిలు. మధ్యాహ్నం నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. అన్నం సగం తిని క్యారేజీ మూసేశాడు. పొద్దువాలుతుండగా కూలీలను లంకలో దింపి, గెడని బురదలో గుచ్చి, దానికి పడవ కట్టి, పడవ ముందు కొసన కూర్చున్నాడు. ఛాతీ మీద ఎవరో బస్తా దించినట్టుంది.

"పడవో... తాతగారోయ్..."

ఈసారి ఎక్కడా చీలలేదు. పాయ మొత్తం దాటి వచ్చింది.

"నన్నే ఉంచేరండీ... చివరి వరసక్కూడా వినబడిందండీ..."

అతను విన్నాడు. వస్తున్నానని చెప్పాలనుకున్నాడు. కాసేపు కూర్చుని లేద్దామనుకున్నాడు. గెడ మీద వేసిన చెయ్యి మెల్లగా కిందికి జారింది.

ఆ పిల్ల మళ్లీ పిలిచింది. ఆగి, ఇంకా గట్టిగా పిలిచింది. రేవులో ఆడపిల్ల గొంతు అంతలా వినబడేసరికి లంకలో జనం ఏమైందోనని గట్టు దిగి వచ్చారు. అందరికంటే ముందొచ్చిన చిట్టిబాబు, పడవ అంచుకి వాలిన అతని తలని రెండు చేతులతో ఎత్తి, అవతలికి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆ ముఖం మీద కప్పాడు.

పోటు నీరు ఎక్కుతోంది. బురదలో గుచ్చిన గెడ, అతని చెయ్యి పట్టే మేర మాత్రం నున్నగా మెరుస్తూ, పడవ బరువుకి కొద్దికొద్దిగా ఊగుతోంది.