రెండు డైట్లు, ఒక లౌజు డబ్బా

వచ్చే పరీక్షలో షుగర్ దిగకపోతే ఇన్సులిన్ తప్పదని అమలాపురం డాక్టరమ్మ అన్న రోజే మామిడికుదురు ప్రభాకరరావు అన్నం మానేశాడు. సూదంటే ఆయనకు గుండె జారిపోతుంది. కరోనా టీకాకు ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది మరి.

యూట్యూబ్‌లో చూసి గుడ్లు, చేపలు, నెయ్యి పట్టాడు. ఆయన బావమరిది వరప్రసాదానికీ షుగరే. అతని భార్య కువైట్‌లో ఉండటంతో, ప్రభాకరరావు ఇంట్లోనే అక్క దానమ్మ చేతి వంట తింటాడు. అతను ఇంకో వీడియో చూసి ముడిబియ్యం, పప్పులు, ఆకుకూరలు తప్ప ముట్టనన్నాడు. నూనె చుక్క కూడా వద్దన్నాడు.

"ఒరేయ్ ప్రసాదం, గడ్డి తిని షుగర్ తగ్గిద్దామనే?"

"ఏనుగు గడ్డే తింటాదండి బావగారూ. దానికి షుగరుందని ఎప్పుడన్నా విన్నారా?"

మధ్యలో దానమ్మ నలిగిపోయింది. ఒక పొయ్యి మీద కొరమీను వేపుడు, ఇంకో పొయ్యి మీద చప్పిడి తోటకూర.

ప్రభాకరరావు ప్యాంట్లు వదులయ్యాయి. ఇక సూది లేనట్టేనని మురిసిపోతుండగా, కూతురు షైనీకి పంపుదామని దానమ్మ డబ్బా నిండా కొబ్బరి లౌజు చేసింది. బెల్లం, యాలకుల వాసన ఇల్లంతా కమ్మేసింది. 'కొబ్బరి తినొచ్చని వీడియోలో చెప్పాడుగా' అనుకుని, దానమ్మ కునుకు తీసినప్పుడల్లా ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు.

పరీక్షలో షుగర్ ఎక్కి కూర్చుంది. వరప్రసాదానికీ అంతే.

"పిండిపదార్థం ముట్టలేదండి," అన్నాడు ప్రభాకరరావు డాక్టరమ్మతో.

"నేను మొక్కల నుంచి వచ్చిందే తిన్నానండి," అన్నాడు వరప్రసాదం.

"మా ఇంట్లో ఎలకలు పడ్డాయండి డాక్టరుగారూ," అంది దానమ్మ. "లౌజు డబ్బా అడుగంటిపోయింది."

"తిని మూత పెట్టాయా అమ్మా ఆ ఎలకలు?"

బావాబావమరుదులు ఇద్దరూ తలెత్తి ఫ్యాను చూశారు.

"కొబ్బరి మా వీడియోలో ఉందండి..."

"బెల్లం చెరుకే కదండీ. చెరుకు మొక్కే కదండీ..."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఎవరికి పడిన డైట్ వాళ్లు చెయ్యండి. కానీ ఆ రెండు డైట్లలోనూ బెల్లం లేదు!"

"మరి సూదండీ?"

"ఇంకో నెల చూస్తాను."

"ఆయ్!" అన్నాడు ప్రభాకరరావు, ఊపిరి పీల్చుకుని.

ఆ నెలంతా దానమ్మ ఇంట్లోకి బెల్లం రానివ్వలేదు. ఇద్దరికీ షుగర్ దిగింది. ఎవరి డైట్ గొప్పో తేలలేదు గానీ, సూది తప్పింది.

ఆ మధ్యాహ్నం ప్రభాకరరావు చేప ముక్క పక్కన తోటకూర వడ్డించుకున్నాడు.

"బావగారూ, అది మా డైటండి."

"నోర్ముయ్యరా. ఏదీ, ఇంకొంచెం ఇలా తొయ్యి."