నిండుగా తిరిగి వెళ్ళిన బండ

నేను ఒక గ్యాస్ బండని. మీ వంటింట్లో గట్టు కింద, నెత్తిన రెగ్యులేటరు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చునేదాన్ని. నేను ఉన్నానన్న సంగతి మీకు గుర్తొచ్చేది ఖాళీ అయినప్పుడే. అది కూడా సరిగ్గా చుట్టాలు దిగిన పూటే! అప్పుడు నన్ను పక్కకి వంచుతారు, ఊపుతారు, వేడినీళ్ళు పోస్తారు, నేనేదో కావాలని చేసినట్టు తిట్టిపోస్తారు. పోనీలెండి, ఇప్పుడా గొడవ ఎందుకు? తుక్కు యార్డులో పడి ఉన్నాను. రేపో మాపో యంత్రం కింద పెట్టి నన్ను అప్పడంలా నొక్కేస్తారు. ఈలోగా ఒక్క ఇంటి సంగతి చెప్పి పోతాను.

నా పుట్టుక గొప్పదేం కాదు. ఇనుప రేకుని రెండు గిన్నెల్లా వొత్తి, ఒకదానిమీద ఒకటి బోర్లించి అతికారు. నా నడుం చుట్టూ ఉన్న మచ్చ ఆ అతుకే. కడుపునిండా నీళ్ళు పట్టి, పగులుతానేమోనని పరీక్ష పెట్టారు. నెగ్గాను. ఎర్రరంగు పూసి, మళ్ళీ ఎప్పుడు పరీక్షకి రావాలో మెడ దగ్గర రాశారు. ఆ తర్వాత గ్యాసు నింపారు. ఆ గ్యాసు మన నేలది కాదు. సముద్రం అవతలి ఎడారి దేశం నుంచి ఓడలో వచ్చి వైజాగు రేవులో దిగింది. వాళ్ళ దగ్గర తోడుకున్నంత గ్యాసు, మన దగ్గర వండినా తీరనంత ఆకలి. అందుకే రెండు దేశాలకీ పొత్తు కుదిరింది.

మా జాతికి సొంత ఇల్లంటూ ఉండదు. ఈ నెల ప్లీడరు గారింట్లో, పై నెల హాస్టల్లో, ఆపై బజ్జీల బండి కింద. ప్లీడరు గారు కోర్టులో పులి, వంటింట్లో నన్ను మార్చాల్సొస్తే మాత్రం భార్యని పిలిచేవారు. ఇలా ఎన్నో ఇళ్ళు చూసి, ఎక్కడా మనసు పెట్టుకోకుండా తిరిగాను. అలాంటి నన్ను ఉద్దానంలో ఒక ఇల్లు పట్టి ఉంచేసింది.

సోంపేట దగ్గర జీడితోటల మధ్య ఓ పల్లె. అక్కడ దమయంతి, ఆమె అత్త దాలమ్మ. దమయంతి పెనిమిటి లోకనాథం ఆ ఎడారి దేశంలోనే ఫిట్టరు. రేవులో ఓడకి గొట్టాలు బిగించి గ్యాసు ఎక్కించే పని. ఆ చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళు సగంమంది అలాంటి పనులమీదే దేశాలు పట్టిపోయారు. పెళ్ళయ్యాక అతను ఇంట్లో ఉన్న కాలం కంటే ఫోన్లో ఉన్న కాలమే ఎక్కువ.

ఓ రోజు వీడియో కాల్లో పెళ్ళానికి ఓడ చూపించాడట. "ఒలే దమయంతీ, అదిగో సూడు. అది మన వైజాగే ఎల్తాది. గొట్టం బిగించింది నానే. నీ పొయ్యికొచ్చే గేసు నా సేతి మీదుగానే వొస్తంది, తెలుసా?" అన్నాడట. కొంచెం గొప్పలు పోయే మనిషి. ఆమెకి ఆ గొప్పలే ఇష్టం.

ఆ తర్వాత వచ్చిన బండని నేను. గ్యాస్ బండి జోగారావు నన్ను భుజాన వేసుకొచ్చి గడపలో దించగానే దమయంతి కళ్ళు మెరిశాయి. ఇంకేముంది, నాలో ఉన్నది ఆ ఓడ గ్యాసేనని తీర్మానించేసుకుంది. వైజాగు ట్యాంకుల్లో ఎన్ని ఓడల సరుకు కలిసిపోతుందో నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. నన్ను తడిగుడ్డతో తుడిచింది. ఎర్రరంగు మీద కుంకుమ కనపడదని ముందు పసుపు రాసి, దానిమీద బొట్టు పెట్టింది. నా జన్మలో నాకు అలాంటి మర్యాద అదే మొదలు, అదే ఆఖరు.

"వొచ్చిందయ్యా నీ గేసు" అని ఫోన్లో చెప్పింది.

అతను పగలబడి నవ్వాడు. "అయితే సీలు ఇప్పకు. ఎండలు ముదరకుండా నానొచ్చెత్తాను. అప్పుడు దానిమీద టీ ఎట్టు. పంచదార దండిగా ఎయ్యాల, సెప్తన్నాను!"

అతను సరదాకి అన్నాడు. ఆమె మొక్కులా పట్టుకుంది. పాత బండ అయిపోయినా నన్ను ముట్టుకోలేదు. పెరట్లో జీడికర్రలు పేర్చి, ఊదుగొట్టంతో ఊదుకుంటూ వండింది. కళ్ళు ఎర్రబడేవి, దగ్గు వచ్చేది. దాలమ్మ ఊరుకుంటుందా?

"ఓలమ్మా, గేసు ఎదురుగా ఎట్టుకుని పొగ తాగుతంది! మొగుడు పంపిన గేసట! ఇలాటి ఇడ్డూరం నానెక్కడా సూడనేదు" అని వీధి వీధంతా చెప్పింది.

"ఆ వొక్క టీ అయిపోనీ అత్తా, తరవాత నువ్వే మండించుకో" అనేది దమయంతి.

అంతలో టీవీలో పెద్ద వార్త. రెండు దేశాల పెద్దలూ చేతులు కలిపి, జెండాల ముందు నిలబడి నవ్వారు. ఏళ్ళ తరబడి గ్యాసు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం కుదిరిందట. ఇక కొరత ఉండదట. ఊరంతా సంబరపడింది. ఆ పెద్దమనుషుల చేతుల వెనక తన మొగుడి చెయ్యి కూడా ఉన్నట్టు, దమయంతి వీధిలో వాళ్ళకి బెల్లం ముక్కలు పంచింది. పిచ్చితల్లి!

మర్నాడు లోకనాథం ఫోను చేశాడు. గొంతులో మునుపటి హుషారు లేదు.

"ఓడలు ఎక్కువైపోతాయటే. కొత్త ఒప్పందమట కదా. సెలవులన్నీ ఆపీసినారు. ఎండలు తగ్గినాక పంపుతామన్నారు."

"అక్కడి ఎండకి తట్టుకోగలవా?" అంది.

"ఏటవుద్ది? కొత్తా ఏటి? బండ జాగ్రత్త" అన్నాడు.

ఏటవుద్దో అయింది. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో, గొట్టం బిగిస్తూ బిగిస్తూ కూలిపోయాడు. పక్కూరి కుర్రాడొకడు అక్కడే పనిచేస్తాడు, అతను ఏడుస్తూ ఫోన్లో చెప్పాడు. కంపెనీ వాళ్ళు మాత్రం గుండె దానంతటదే ఆగిందని రాసి చేతులు దులుపుకున్నారు. అతను బిగించిన ఆఖరి ఓడ వారం తిరక్కుండా వైజాగు చేరింది. అతను చేరలేదు. ఈ సంతకం, ఆ ముద్ర అంటూ మంచుపెట్టెలోనే ఉంచేశారు. గ్యాసుకి బీమా ఉంది, ఓడకి కాపలా ఉంది, సరుకు ఆలస్యమైతే అడిగే నాథుడున్నాడు. అంత పెద్ద ఒప్పందంలో లోకనాథాన్ని ఇంటికి చేర్చే మాట ఒక్కటి రాసుకోవడం ఎవరికీ తోచలేదు. నేను ఇనుముని, నాకే కడుపు మండిపోయింది.

అన్నాళ్ళూ దమయంతి ఏడవలేదు. నా దగ్గరికొచ్చి ఆ బొట్టు కేసి చూసి వెళ్ళేది. ఒకనాటి పొద్దున్న అంబులెన్సు వచ్చింది. పెట్టె వాకిట్లో దించారు. ఊరంతా గొల్లుమంది. దమయంతి మాత్రం లోపలికి వచ్చి, నన్ను గట్టు దగ్గరికి జరుపుకుని, సీలు తెంపింది. రెగ్యులేటరు బిగించింది.

శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యకూడదు. అది అక్కడి కట్టుబాటు. కులపెద్ద గుమ్మంలోకొచ్చి కేకలేశాడు. "ఏటమ్మా ఇది? మతిగాని పోనాదా? పొయ్యి ఎలిగించకూడదని తెల్దేటి?" ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకోబోయారు.

అప్పుడు లేచింది దాలమ్మ. కొడుకు పెట్టెమీంచి లేచి, జుట్టు విరబోసుకునే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎలిగించనీండర్రా! ఆడొస్తే టీ ఎడతానని ఇన్నాళ్ళూ పొగలో మగ్గిపోనాది. వొచ్చినాడు కదా మరి. నా కొడుకు, నా ఇల్లు. ఎవుడొద్దంటాడో సూస్తాను!"

కులపెద్ద గుమ్మం దిగాడు. దమయంతి అగ్గిపుల్ల గీసింది. నీలంగా వెలిగాను. పాలు పొంగాయి. పంచదార డబ్బా వంచేసి దండిగా పోసింది. గ్లాసులో వడకట్టి, చెంగుతో పట్టుకుని, తీసుకెళ్ళి పెట్టె తలవైపు పెట్టింది.

"తాగయ్యా" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు గురించి నన్నడక్కండి.

టీ మీద మీగడ కట్టి చల్లారిపోయింది. ఆ గ్లాసు అలాగే పెట్టెతోపాటు వెళ్ళింది.

దినాలయ్యాక జోగారావు వీధిలోకి వస్తే దమయంతి పిలిచి నన్ను చూపించింది. అతను నన్ను ఎత్తబోయి ఆగాడు. "అమ్మా, నిండుగా ఉందమ్మా ఇది. ఒక్క పూటైనా మండినట్టు నేదు."

"తీసుకుపో జోగన్నా. దాన్ని సూడనేకపోతన్నాను."

ఇన్నేళ్ళలో నిండు బండని ఇంట్లోంచి బయటికి మొయ్యడం అతనికి అదే మొదటిసారి. గుమ్మం దాటేటప్పుడు ఒక చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. దమయంతి నుదుటి బొట్టు అప్పటికే తీసేశారు. నా మీది బొట్టు మాత్రం, ప్లాంటులో నీళ్ళు కొట్టి కడిగేదాకా అలాగే ఉంది.

తర్వాత మళ్ళీ పరీక్షలకి వెళ్ళాను, మళ్ళీ రంగులు వేశారు, ఎన్నో గడపలు తొక్కాను. ఏ ఇంట్లో నా మీద టీ కాగినా, ఆ గ్లాసు ఎవరైనా అందుకున్నారా లేదా అని చెవులొగ్గి వినడం అలవాటైపోయింది. అందుకునేవారు. పేపరు చదువుతూనో, చొక్కా వెతుక్కుంటూనో అందుకుని, ఒక గుటక వేసి, "పంచదార తక్కువైందేమిటే?" అని విసుక్కునేవారు.

అలాంటి విసుగు ఒక్కసారి, లోకనాథం గొంతుతో, దమయంతి చెవిన పడి ఉంటే ఎంత బాగుండేదో.