నల్లరంగు లేకుండా కాకి

సైకిల్ షాపు పైన ఉన్న గదిలో శనివారాలు బొమ్మల క్లాసు. మనవరాలిని దిగబెట్టడానికి వచ్చిన అమ్మమ్మ, మెట్లు దిగి మళ్ళీ ఎక్కడం తన వల్ల కాదంటూ వెనక బెంచీ మీద కూలబడేది. కూర్చున్న మనిషి నోరు కట్టేసుకుంటుందా అంటే, అదీ లేదు.

ఆ రోజు డ్రాయింగ్ టీచర్ అందరి పళ్ళేలలోనూ ఎరుపు, పసుపు, నీలం మాత్రమే పిండింది.

"వీటితోనే కాకిని వెయ్యాలి. నల్లరంగు అడిగినవాళ్ళకి గోడకుర్చీ!"

మనవరాలు మూడింటినీ ఒక్కసారే గిరగిరా కలిపేసింది. బురద తేలింది. ఇంకాస్త పసుపు వేసింది. పేడలా తయారైంది.

"కాకిని వెయ్యమంటే దాని రెట్ట కలుపుతున్నావేంటే?" అంది వెనకనుంచి అమ్మమ్మ.

క్లాసంతా గొల్లుమంది. పిల్ల మొహం మాడ్చుకుంది. టీచర్ నవ్వాపుకుంటూ ఇంకో పళ్ళెం, కుంచె తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది.

"మాటసాయం చాలమ్మా. ఓ చెయ్యి కూడా వెయ్యండి."

అమ్మమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఎరుపులో పసుపు కలిపితే చక్కటి నారింజ రంగు వచ్చింది. అదే ఊపులో కుంచె నిండా నీలం ముంచి కలిపింది. మెరుస్తున్న నారింజ కాస్తా చప్పబడి మట్టిరంగుకి దిగిపోయింది.

"అయ్యో, ఇప్పుడేగా అంత బాగుంది!" అంది అమ్మమ్మ.

అలిగిన మనవరాలు ఇక ఉండబట్టలేక పరుగెత్తుకొచ్చింది.

"నీలం, నారింజ ఎదురెదురు రంగులు అమ్మమ్మా. పక్కపక్కన పెడితే రెండూ మెరుస్తాయి. కలిపితే ఒకదాన్నొకటి ఆర్పేసుకుంటాయి. పోయినవారం టీచర్ చెప్పారు, నువ్వేమో కునుకు తీశావ్..." అంటూ టక్కున ఆగింది. "ఆర్పేసుకుంటే మనకి కావల్సింది అదేగా!"

ఇద్దరూ కొత్తగా మొదలుపెట్టారు. ఈసారి నీళ్ళు తగలనివ్వకుండా నీలం దండిగా, నారింజ చుక్కచుక్కగా వేశారు.

"ఇంకొక్క చుక్క!"

"చాలు, చెడగొడతావ్!"

వాళ్ళు కీచులాడుకుంటూ ఉండగానే రంగు ముదిరి ముదిరి దాదాపు నల్లబడింది. దానితో వేసిన కాకి రెక్క మీద వెలుతురు పడితే, కిటికీ మీద వాలే నిజమైన కాకికి ఉన్నట్టే సన్నటి నీలి ఛాయ మెరిసింది.

టీచర్ ఆ బొమ్మని పైకెత్తి అందరికీ చూపించింది. "ట్యూబులోంచి తీసిన నలుపుకి ఈ నిగనిగ ఎక్కడిది?"

మోచేతుల దాకా రంగు పూసుకున్న అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మాయీ, నా పేరు కూడా రాసుకో."

మనవరాలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "చేరితే చేరు. కానీ ఇక్కడ నేను నీకు సీనియర్ని. అక్కా అని పిలవాలి."

"అలాగే పిలుస్తాలేవే అక్కా, ముందు ఆ కుంచె ఇటివ్వు" అంది అమ్మమ్మ.