కాల్షియం తలుపు

మూడో నిమిషం, ఇంకా బాగానే ఉంది, తెర మీద గీతలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నడుస్తున్నాయి, ట్రెడ్‌మిల్ మీద నా డెల్ఫీనా కూడా, ఛాతీ నిండా వైర్లు, అమ్మా అలా చూడకు, నీ మొహం చూస్తేనే నాకు మళ్లీ కళ్లు తిరిగేలా ఉన్నాయి అంటోంది, నవ్వాలి, నవ్వాను, పోయిన శనివారం హాకీ ఆడుతూ కుప్పకూలింది, ఎండదెబ్బ అన్నాడు కోచ్, లా ప్లాటాలో జూన్ అంటే చలికాలం, అందరం కోట్లలో వణుకుతున్నాం, ఎండెక్కడిది,

వేగం పెంచనా ఒఫేలియా గారూ అన్నారు డాక్టర్ ఎచెవెరీ, పెంచండి అన్నాను, ఇరవై రెండేళ్లుగా ల్యాబులో ఎలుకల గుండెలకు నేను చేస్తున్నదీ ఇదే, మేం పరిశోధించే ప్రొటీన్‌కి నోరు తిరగని పేరు, మిగతా ప్రొటీన్ల మడతలు సరిచేసే చిన్న ఎంజైము, గుండె కండరంలో మాత్రం కాల్షియం తలుపు కారకుండా అదిమి పట్టుకుంటుంది, భయానికో పరుగుకో ఆ పట్టు జారుతుందని నేను, జారాలని నీకు కోరిక, అందుకే నీకు జారినట్టు కనిపిస్తుంది అని ల్యాబులో ఎదురు బల్ల దగ్గర ఎసెకియెల్, మాతే టీ కప్పు నా చేతికిస్తూ, పదేళ్లుగా ఇదే పోట్లాట, తలుపు కారితే గుండె లయ తప్పుతుంది, పరుగెత్తే పిల్లలు, ఈదే పిల్లలు ఉన్నట్టుండి పోతారు,

చెల్లి ఇర్మాకి పన్నెండు, నాకు పద్నాలుగు, పుంతా లారా రేవు, మట్టిరంగు నది, దూకవే పిరికిదానా అన్నది నేనే, చేపలా ఈదే పిల్ల, దూకింది, బోర్లా తేలింది, నీళ్లలో మునిగి చనిపోయిందని రాశారు, నువ్వే రెచ్చగొట్టావు అంది అమ్మ, ఒక్కసారే అంది, ముప్పై ఏళ్లలో మళ్లీ ఆ మాట ఎత్తలేదు, తిట్టినా బాగుండేది,

ఏడో నిమిషం, డెల్ఫీనా నవ్వడం లేదు, తెర మీద ఒక స్పందన తప్పింది, ఒక్కటే కదా, అలసట, ఇంకొకటి, ఇప్పుడు ఒకటి పైకి ఒకటి కిందికి, ఒకటి పైకి ఒకటి కిందికి, ఈ గీత నాకు తెలుసు, పట్టు జారిన ఎలుకల గుండెల్లో చూసిందే, అయితే ఇది మా రక్తంలోనే ఉంది, అయితే ఇర్మా మునగలేదు, గుండె ముందే ఆగింది, సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పొచ్చు, నా మాట వల్ల కాదమ్మా అని, ఛాతీలో ఏదో తేలికైంది, ఛీ, తేలికైందా, ఆపండి అని అరిచాను, డాక్టర్ అప్పటికే ఆపేశారు, తూలిన పిల్లని పట్టుకున్నాను, పడుకోబెట్టాం, గీతలు నెమ్మదిగా దారికొచ్చాయి, మందులున్నాయి, మీకు తెలియనిదేముంది, ఆటలు మాత్రం ఇప్పుడు వద్దు అంటున్నారాయన, అమ్మా నేనేం చేశాను అంటోంది డెల్ఫీనా, చెమట పట్టిన చెయ్యి నా చేతిలో,

ఏమీ చెయ్యలేదురా తల్లీ, ఎవరూ ఏమీ చెయ్యలేదు, ఇన్నేళ్లూ ఎలుకల గుండెల్లో నేను వెతికింది వైద్యం కాదు, నా తప్పు లేదనే మాట, ఆ మాట ఇవాళ దొరికింది, నా బిడ్డ గుండెలో, నాకొద్దు, ఇర్మాను చంపింది నా మాటే అయివుంటే ఎంత బాగుండేది.